నలభై రెండులోంచి పదిహేడు

దేవరకద్ర దాటినంక మూడో స్టేజీ కాడ ఆటో దిగితే
బడి ఇంకా కిలోమీటరున్నర.
నాకంటే ముందే పిల్లలు గేటెక్కి కూసుంటరు.
"టీచరొచ్చింది" అని లోపలికి ఉరికి
ఎవరూ లేని గదికి చెప్తరు.

ఒక్క గది, మూడు తరగతులు.
ఒకటో తరగతి తలుపు కాడ, గాలికి.
రెండో తరగతి బియ్యం బస్తాల పక్కన.
మూడో తరగతి నల్లబల్ల ముందర.
ఒకరి పాఠం ఒకరికి వినవడ్తది.
ఖాజాబీ ఒకటో తరగతిలనే ఉండి
మూడో ఎక్కం ఒప్పజెప్తది,
తను రాసిన "అ" మాత్రం ఇంకా
అటు తిరిగి పండుకునే ఉంటది.

దొండాకు రుద్దిన పలకలు ఎండకు ఆరవెట్టినం.
కకు గుడిస్తే కి, గుడిదీర్ఘమిస్తే కీ.
"కకు ఏమీ ఇయ్యకపోతే టీచర్?"
సక్రిబాయి అడిగింది.
ఏమియ్యకున్నా తలకట్టు ఉంటది బిడ్డా,
నెత్తి మీద అంత నీడన్న లేకుంటే ఎట్ల?

పదకొండు కాకముందే పప్పు మాడిన వాసన.
వంటామె ఎవరినో తిట్టుకుంట గిన్నె దించింది.
ఆ వాసనలనే బోర్డు మీద రాసిన,
నలభై రెండు,
కింద పదిహేడు,
కింద అడ్డగీత.

రెండులోంచి ఏడు పోతదా?
"పోదు టీచర్!"
ఈ జవాబు మాత్రం అందరికీ వస్తది.
పోకుంటే పక్కింటికి పోవాలె,
నాలుగును ఒక పది అప్పడగాలె.
నాకు మా సారు ఇట్లనే చెప్పిండు,
ఇరవై రెండేండ్ల సంది నేనూ ఇట్లనే చెప్తున్న.

కురుమూర్తి చెయ్యి లేపిండు.
నిరుడు పూనాల పునాదుల కాడ
మరాఠీల పది దాక నేర్చుకొని వచ్చినోడు.
"తెచ్చుకున్న పది మళ్ల ఎప్పుడియ్యాలె?"

ఇచ్చేదుండదు, అన్న.
"మరి ఇచ్చినోళ్లు ఊకుంటరా?"

మణెమ్మ నడుమ దూరింది.
"సూడురా, ఇచ్చిన నాలుగే మూడయింది.
తెచ్చుకున్న రెండుకేం కాలే,
పన్నెండయి కూసున్నది."

కురుమూర్తి బోర్డు దిక్కు శానసేపు చూసిండు.
"ఉల్టా ఉన్నది టీచర్.
మా ఇంట్ల తెచ్చుకున్నోళ్లే తక్కువైతరు."

ఒకటో తరగతి కూడా చప్పుడు చెయ్యలే.
చేసిందేమో, నాకు వినవడలే.
మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఎంతో నేనడగలే.
దసరా పోయినంక హాజరు పట్టీల
ఆ పేరు ముందర ఏం రాస్తనో
వానికీ ఎరుకే, నాకూ ఎరుకే.
అప్పుడే అన్నం గంట కొట్టిండ్రు.
ఆ లెక్క అడ్డగీత మీదనే ఆగింది,
కింద ఏం రాయకుంటనే తుడిచేసిన.

తెల్లారి వచ్చేటప్పుడు
ఈదమ్మోళ్ల దడిల నుంచి, చెప్పకుంటనే,
కందిపుల్లలు గుంజుకొచ్చిన.
రబ్బరు బ్యాండ్లు కూరగాయల సంచులవి.
పది పది కట్టినం.
నాలుగు కట్టలు, విడిగ రెండు పుల్లలు.
ఏడు తియ్యాలె. రెండే ఉన్నయి. ఎట్ల?

ఎవరూ పక్కింటి మాట ఎత్తలే.
కురుమూర్తి ఒక కట్ట చేతిలకు తీసుకున్నడు,
రెండు దిక్కులా తిప్పి చూసిండు,
పళ్లతోని రబ్బరు ఊడగుంజిండు.
పుల్లలు బండల మీద గలగల దొర్లినయి,
ఒకటి పోయి ఖాజాబీ పలక కింద దూరింది.

"ఈ కట్ట మనదే కదా టీచర్?"
మనదే.
"మరి నిన్న అప్పు అన్నరేంది?"

ఇరవై రెండేండ్లు ఏందుకన్ననో
నాకు నేనే అడుగుకుంట
ఏడు పుల్లలు ఏరి పక్కన పెట్టిన,
వాళ్లు ఒక కట్ట ఎత్తి పక్కన పెట్టిండ్రు.

సాయంత్రం గది ఊడ్చి, మిగిలినయి లెక్కవెట్టిన.
ఇరవై అయిదుండాలె.
బస్తాల వెనక చూసిన, తలుపు మూలకు చూసిన,
ఇరవై నాలుగే.

గేటు అవతల కురుమూర్తి పోతున్నడు.
మణికట్టుకు రబ్బరు బ్యాండు,
చెవి మీద ఒక కందిపుల్ల,
వడ్లాయన పెన్సిల్ పెట్టుకున్నట్టు.